మోటారు వెల, మీటరు వెల
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము తెలియనివారు ఈ సభలో ఉండరు. బాహుకుడను పేర మారురూపమున నున్న నలుడు ఋతుపర్ణ మహారాజును రథముపై అయోధ్యనుండి విదర్భకు తీసికొని పోవుచుండెను. త్రోవలో ఒక తాండ్రచెట్టు కనబడగా ఋతుపర్ణుడు దాని ఆకులను, కాయలను చూపుమాత్రముననే లెక్కించి చెప్పెను. బాహుకుడు నమ్మలేదు. రథమును నిలిపి, చెట్టును కూల్చి, లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. అంతట రాజు తన లెక్కల విద్యయగు అక్షహృదయమును సారథికి ఇచ్చెను. సారథి తన గుఱ్ఱముల విద్యయగు అశ్వహృదయమును రాజునకు ఇచ్చుటకు ఒప్పుకొనెను.

ఈ కథను ఇచట తలచుటకు కారణము కలదు. నేటి మిల్లులలో గుఱ్ఱము లేదు, మోటారు వచ్చినది. అయినను దాని బలమును కొలుచుట ఇంకను గుఱ్ఱములతోనే జరుగుచున్నది. పది హెచ్.పి., ఇరువది హెచ్.పి. అని చెప్పుకొనుట అశ్వశక్తిని చెప్పుకొనుటయే గదా! మర నడుపువానికి ఆ గుఱ్ఱము యొక్క స్వభావము తెలియును. గుమాస్తాకు లెక్క తెలియును. ఈ రెండు విద్యలును ఒకచోట కలియుటయే అరుదు. మోటారు కొనునాడు బేరమాడువాడు ఒకడు. నెలనెలా కరెంటు బిల్లు చెల్లించువాడు మరియొకడు. కాలిపోయిననాడు దానిని వైండింగు షాపునకు మోయించుకొని పోవువాడు మూడవవాడు. ఈ మూడు ఖర్చులును మూడు పుస్తకములలో ఉండును. వానిని ఒకే పుటయందు ప్రక్కప్రక్కన వ్రాసి చూచిన మిల్లు అరుదు. నేటి ప్రసంగము ఆ ఒక్క పుటను గురించియే.

నంద్యాల, ఆళ్లగడ్డ తాలూకాలలో మోటారు తిరుగని చోటు లేదు. కె.సి. కాలువ క్రింద పండిన వడ్లు రైసుమిల్లులో చెరిగి, పొట్టు తీసి, పాలిషు పట్టబడును. అందు ఎలివేటరునకు ఒక మోటారు, పొట్టుతీయు షెల్లరునకు ఒకటి, పాలిషరునకు ఒకటి, తవుడును ఊకను ఎగురగొట్టు బ్లోవరునకు ఒకటి. నల్లరేగడి ప్రత్తికి జిన్నింగు మిల్లులు, వేరుసెనగకు నూనెమిల్లులు గలవు. నంద్యాలలోని ప్లాస్టికు పైపుల కర్మాగారములందు కరిగిన ముద్దను మరచుట్టు గుండా త్రోయు మోటారు పగలనక రాత్రియనక తిరుగును. బేతంచెర్ల వైపు నాపరాళ్లను కోసి నునుపుచేయు యంత్రములు గలవు. ఆళ్లగడ్డ శిల్పుల యొద్ద రాతిని ముక్కలుగా కోయు పెద్ద కట్టరులున్నవి; శిల్పి చేతిలోని చిన్న గ్రైండరునకు ఈ ప్రసంగమందలి లెక్క వర్తింపదు గాని ఆ కట్టరునకు వర్తించును. ఇవిగాక శీతల గిడ్డంగులు, ఆసుపత్రుల లిఫ్టులు, హోటళ్ల నీటి పంపులు, సినిమా హాళ్ల చల్లగాలి యంత్రములు. మహానంది కోనేటి నీరు ఏ మోటారు లేకయే నిరంతరము పారుచున్నది. అది ఈశ్వరుని ఏర్పాటు. తక్కిన చోట్లన్నిట మీటరు తిరుగవలసినదే.

ఇది ఈ ప్రాంతపు సంగతి మాత్రమే కాదు. ప్రపంచమందు ఖర్చగు విద్యుత్తులో నూటికి 43 నుండి 46 పాళ్లు మోటారులకును వానిచే నడుచు యంత్రములకును పోవుచున్నదని అంతర్జాతీయ శక్తి సంస్థ 2011లో ప్రకటించిన అధ్యయనము తెల్పుచున్నది. దీపములు ఆర్పుమని బడిపిల్లలకు బోధించుట మంచిదే. అయితే దీపమునకు పోవునది దీనిముందు స్వల్పము.

మోటారు లోపల జరుగునదేమో ముందు కొంచెము తెలిసికొనవలెను. మిల్లులలో నుండు మూడు ఫేజుల ఇండక్షను మోటారునకు బయట కదలని భాగము, లోపల తిరుగు భాగము అని రెండే ముఖ్యాంగములు. టెస్లా అను శాస్త్రజ్ఞుడు 1888లో దీనికి పేటెంటు పొందెను. ఇటలీలో ఫెరారిసు అనునతడు అదే సంవత్సరమున ఇదే సూత్రమును వేరుగా ప్రకటించెను. బయటి చుట్లలో ప్రవహించు విద్యుత్తు ఒక తిరుగు అయస్కాంత క్షేత్రమును పుట్టించును. లోపలి భాగము దానిని వెంబడించుచు తిరుగును, ఎన్నడును పూర్తిగా అందుకొనదు. నాలుగు ధ్రువముల మోటారులో క్షేత్రము నిమిషమునకు 1500 చుట్లు తిరిగిన, ఇరుసు 1440 మొదలు 1470 వరకు తిరుగును. ఆ వెనుకబాటు లేనిచో మోటారునకు బలమే లేదు.

మీటరు ద్వారా లోనికి వచ్చిన విద్యుత్తు అంతయు ఇరుసునకు చేరదు. కొంత రాగితీగల చుట్లలో వేడియై పోవును. కొంత లోపలి కడ్డీలలో వేడియగును. కొంత ఇనుప రేకులలో పోవును. మోటారు ఖాళీగా తిరిగినను ఈ భాగము తప్పదు. మరికొంత బేరింగుల రాపిడికి, వెనుకనున్న పంకాకు వ్యయమగును. నూరు పాళ్లు లోనికి పోయి తొంబది పాళ్లు ఇరుసునకు వచ్చిన దక్షత 90 శాతమందురు. అధికదక్షత గల మోటారులో మంత్రమేమియు లేదు. అందు రాగి ఎక్కువ, ఇనుప రేకులు పలుచనివి, మేలైనవి, పంకా చిన్నది, బేరింగులు శ్రేష్ఠమైనవి. సరకు ఎక్కువ గనుక వెలయు ఎక్కువ.

ఈ దక్షతను బట్టి అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 2008లో మోటారులకు ఐ.ఇ.1, ఐ.ఇ.2, ఐ.ఇ.3 అను తరగతులను ఏర్పరచినది, తరువాత ఐ.ఇ.4 కూడ చేరినది. మన దేశమున వీనికి ఐ.ఎస్. 12615 అను ప్రమాణము గలదు. 2018లో దానిని సవరించిరి. ఐ.ఇ.2 కన్న తక్కువ తరగతి మోటారులను తయారుచేసి అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2017లో ఉత్తరువు చేసెను. ఐరోపా దేశములలో 75 మొదలు 200 కిలోవాట్ల వరకు గల మోటారులు పెక్కింటికి 2023 జూలై నుండి ఐ.ఇ.4 తప్పనిసరి. ఉత్తరువులు క్రొత్తగా చేయు మోటారులకు వర్తించును గాని, ఇరువది ముప్పది సంవత్సరములనాడు బిగించి ఇప్పటికిని తిరుగుచున్నవానికి వర్తింపవు. ఇచటి మిల్లుల చిక్కు ఆ పాతవానితోనే.

ఇక లెక్కకు వత్తము. ఇరువది హెచ్.పి. అనగా 15 కిలోవాట్లు. నాలుగు ధ్రువముల 15 కిలోవాట్ల మోటారునకు పూర్తి బరువు మీద ఉండవలసిన దక్షత ఐ.ఇ.1కు 88.7, ఐ.ఇ.2కు 90.6, ఐ.ఇ.3కు 92.1, ఐ.ఇ.4కు 93.9 శాతము. చూచుటకు తేడా స్వల్పము. ఏ షావుకారైనను “మూడు నాలుగు శాతమునకు ఇంత హంగామా ఏల?” యనును. వడ్డీవ్యాపారములో నూటికి మూడనిన మాత్రము ఆయనయే ఉలికిపడును!

ఆ మోటారు సాధారణముగ ముప్పాతిక బరువున, అనగా 11.25 కిలోవాట్ల పని చేయుచున్నదనియు, యూనిట్టు ఏడు రూపాయలనియు, క్రొత్త ఐ.ఇ.3 మోటారు వెల లక్ష రూపాయలనియు లెక్క కొఱకు పెట్టుకొనవలెను. ధరలు ఊరూరికి, ఏటేటికి మారును. ఎవరి అంకెలను వారు వేసికొనవచ్చును. ఈ ఐ.ఇ.3 మోటారు గంటకు సుమారు 12.2 యూనిట్లు తీసికొనును. సంవత్సరమునకు 6000 గంటలు నడిచిన 73 వేల యూనిట్లు దాటును. బిల్లు ఐదు లక్షల పదమూడు వేలు. లక్ష రూపాయల యంత్రము ఒక్క ఏడాదిలో తన వెలకు ఐదింతలు తినుచున్నది. పదునైదేండ్లు బ్రదికిన ఆ తిండి డెబ్బది లక్షలకు పైమాట. అంగడిలో చెల్లించు వెల ఎంత చిన్నది! దానికొఱకు చేయు బేరము ఎంత పెద్దది!

ఇపుడు అసలు ప్రశ్న. పాత మోటారు కాలినది. తిరిగి చుట్టించుటకు పదునైదు వేలు. క్రొత్తది లక్ష. యజమాని ఏమి చేయవలెను? తొంబదిమంది వైండింగు షాపునకే పోవుదురు. వారిని తప్పు పట్టుట తగదు. సీజనులో మర నిలిచినచో వడ్లు తెచ్చిన రైతు బండితో వాకిట నిలిచియుండును. పాత మోటారు రెండు మూడుసార్లు చుట్టబడి దక్షత 86కు దిగినదనుకొనిన, అదే పనికి గంటకు 13.1 యూనిట్లు తీసికొనును. క్రొత్తదానితో తేడా గంటకు సుమారు 0.87 యూనిట్టు.

పైపుల కర్మాగారము వలె ఏడాదికి 6000 గంటలు తిరుగుచోట ఈ తేడా 5200 యూనిట్లు, అనగా ముప్పది ఆరు వేల రూపాయలు. క్రొత్తదానికి అదనముగా పెట్టిన ఎనుబదియైదు వేలు రెండేండ్ల నాలుగు నెలలలో తిరిగివచ్చును. పిమ్మట వచ్చునదంతయు లాభమే. అట్టిచోట కాలిన మోటారును చుట్టించుట పొదుపు కాదు, అప్పు చేయుటయే. సీజను మాత్రమే నడుచుచు ఏడాదికి 2000 గంటలు తిరుగు చిన్న రైసుమిల్లులోనైన తేడా పండ్రెండు వేలు మాత్రమే. పెట్టుబడి తిరిగివచ్చుటకు ఏడు సంవత్సరములు పట్టును. ఆ మిల్లు యజమాని చుట్టించుకొనిన తొందరపాటు అనరాదు. పిండిమరలో రోజుకు రెండు గంటలు తిరుగు మోటారునకైతే ఈ మాటయే ఎత్తనక్కరలేదు. మోటారు పాతదా క్రొత్తదా అని కాదు, ఏటికి ఎన్ని గంటలు తిరుగునని ముందు అడుగవలెను. అమ్మకపువారు ఈ ప్రశ్న తమంతట తాము అడుగరు.

పాతది కాలక, ఎట్లైనను క్రొత్త మోటారు కొనవలసినప్పుడు లెక్క వేరు. అపుడు ఐ.ఇ.2కును ఐ.ఇ.3కును గల వెలతేడాను మాత్రమే చూడవలెను. పై మోటారునకే ఆ రెండు తరగతుల నడుమ తేడా గంటకు 0.2 యూనిట్టు, 6000 గంటలకు ఎనిమిది వేల ఐదువందల రూపాయలు, 2000 గంటలకు రెండు వేల ఎనిమిదివందలు.

వైండింగు పనివారి మాట కొంచెము చెప్పవలసియున్నది. వారిపై నింద మోపుట సులభము. కాలిన చుట్లను ఊడదీయుటకు మోటారు గుల్లపై కిరసనాయిలు పోసి మండించుట పెక్కుచోట్ల వాడుక. వేడి మితిమీరిన ఇనుప రేకుల నడుమనుండు పలుచని పూత కాలిపోవును. రేకులు ఒకదానితో నొకటి కలియును. అక్కడనుండి ఖాళీగా తిరిగినను మోటారు వేడెక్కును. రాగి ధరను చూచి సన్నతీగ వేసిన నష్టము మరికొంత. ఇట్లు చుట్టిన ప్రతిసారియు నూటికి ఒకటి రెండు పాళ్లు దక్షత పోవును. కాని పని శ్రద్ధగా చేసినచో దక్షత నిలుచునని అమెరికా, ఇంగ్లండు దేశముల మోటారు మరమ్మతుదారుల సంఘములు కలసి 2003లో చేసిన పరీక్షలు నిరూపించినవి. పొయ్యి వేడిని అదుపులో నుంచవలెను. పాత చుట్ల సంఖ్యను, తీగ మందమును వ్రాసి పెట్టుకొని అట్లే వేయవలెను. షాపువాడు అట్లు చేయుటకు అడుగు అదనపు కూలి ఇచ్చుటకు యజమాని వెనుదీయరాదు. నూరు రూపాయలు తగ్గించి చుట్టినవాడు వేయి రూపాయలు మీటరునకు వ్రాసి పోవుచున్నాడు.

అసలు మోటారు ఎందులకు కాలును? పల్లెలలో వోల్టేజి చాలకపోవుటయు, మూడు ఫేజులు సమముగా నుండకపోవుటయు ముఖ్య కారణములు. ఫేజుల నడుమ నూటికి మూడున్నర తేడా వచ్చిన, చుట్ల వేడి పెరుగుదల నాలుగింట ఒక వంతు అధికమగును. పది డిగ్రీల వేడి ఎక్కువైన పూత ఆయుస్సు సగమగునని ఇంజనీర్ల వాడుక లెక్క. సరియగు స్టార్టరును, ఒక ఫేజు పోయినపుడు నిలుపు రిలేను పెట్టని మిల్లు ఎంత మేలైన మోటారు తెచ్చినను దానిని కాల్చుకొనును.

వోల్టేజి భయముచేతనే మరియొక అలవాటు ఏర్పడినది. ఇరువది చాలినచోట ముప్పది హెచ్.పి. బిగింతురు. “బలముండిన మంచిదే గదా” యందురు. గుమ్మడికాయ మోయుటకు ఏనుగును కట్టినట్లు! సగమునుండి పూర్తి బరువు వరకు మోటారు దక్షత ఇంచుమించు నిలుకడగా నుండును. సగమునకు బాగుగా దిగిన పడిపోవును. పవరు ఫ్యాక్టరు దానికన్న ముందే పడిపోవును. హెచ్.టి. కనెక్షనులకు లెక్కకట్టునది వాట్లనుబట్టి గాక వోల్టు ఆంపియర్లనుబట్టి గనుక, తగిన కెపాసిటరు లేనిచో ఆ పతనము బిల్లులో నేరుగా కనబడును. అధికదక్షత మోటారు పెట్టినంతమాత్రమున పవరు ఫ్యాక్టరు బాగుపడునని తలపరాదు. అది వేరు, ఇది వేరు.

ఇంకొక మెలిక కలదు. దీనిని తెలియక క్రొత్త మోటారు పెట్టియు బిల్లు తగ్గలేదని కొందరు నిరాశపడుదురు. దక్షత ఎక్కువైన మోటారులో వెనుకబాటు తక్కువ. కనుక అది కొంచెము వేగముగా తిరుగును. పాతది 1440 చుట్లు తిరిగిన, క్రొత్తది 1465 తిరుగవచ్చును. పాలిషరునకు, ఎలివేటరునకు దీనివలన పెద్ద బాధ లేదు. బ్లోవరునకు, పంపునకు మాత్రము కలదు. పంకా కోరు బలము వేగము యొక్క ఘనమును బట్టి పెరుగును. వేగము నూటికి రెండుకు కొంచెము లోపుగా పెరిగిన, బలము నూటికి ఐదు పెరుగును. అనగా దక్షతవలన వచ్చిన లాభమంతయు గాలిలో కలసిపోయినది! ఉపాయము చాల చౌక: బెల్టు మీద నడుచుదానికి మోటారు పుల్లీని ఆ మేరకు చిన్నది చేయవలెను. దక్షతను అమ్మువాడు ఈ పుల్లీ మాట చెప్పకపోయిన, అడిగి తెలిసికొనవలెను.

ఈ ఘనసూత్రమే తిరుగవేసిన మేలు చేయును. గాలి ఎక్కువైనపుడు తలుపు మూసి అణచుట పాత పద్ధతి. అది బండికి చక్రము కట్టి ఎద్దును అదలించుట వంటిది. వేగమును నూటికి ఎనుబదికి దించిన పంకాకు కావలసిన బలము సుమారు సగమునకు దిగును. వేగము మార్చు డ్రైవు అను ఎలక్ట్రానికు పెట్టెలు ఈ పని చేయును. సిమెంటు కర్మాగారముల పెద్ద పంకాలకు, చల్లగాలి యంత్రములకు, హోటళ్ల పంపులకు ఇవి బాగుగ ఒప్పును. ఎల్లప్పుడు ఒకే బరువున నడుచు పాలిషరునకు వీని అవసరము లేదు.

పాలిషరు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పక తప్పదు. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రము విడుదల చేసిన బి.పి.టి. 5204 రకము ఈ సీమలో కర్నూలు సోనగా పేరొందినది. సన్నబియ్యము, రుచి గలది. అది చాలక, మల్లెమొగ్గ వలె తెల్లగా మెరయవలెనని కొనువారు పట్టుబట్టుదురు. అందులకు మరియొకసారి, ఇంకొకసారి పాలిషు పట్టవలెను. తవుడుతోపాటు పుష్టియు పోవుచున్నది, యూనిట్లును పోవుచున్నవి. ఏ తరగతి మోటారును తెచ్చినను ఈ ఖర్చును తప్పింపజాలదు. అది తినువారి చేతిలో నున్నది.

విద్యుత్తు పుట్టుచోటు కూడ దూరము కాదు. నెహ్రూ 1963లో శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్ట కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రములు ఏడు గలవు. పాణ్యము చెంత పిన్నాపురమున పెద్ద జలాశయపు విద్యుత్ పథకమునకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగినది. అట్టి పథకమందు ఒకే యంత్రము విద్యుత్తు మిగిలినవేళ మోటారై నీటిని పైకి తోడును. కొరత వేళ ఆ నీరే దిగుచు త్రిప్పగా జనరేటరై విద్యుత్తు నిచ్చును. తోడుటకు పట్టినంత తిరిగి రాదు. నడుమ కొంత వేడియై పోవును. మిల్లులోని ఇరువది హెచ్.పి. మోటారునకును ఆ మహాయంత్రమునకును ధర్మమొక్కటే.

చేయదలచినవారు పెద్దగా చేయవలసినది లేదు. మోటారు మీదనుండు పేరుపలకను గుడ్డతో తుడిచి చదువవలెను: కిలోవాట్లు, చుట్లు, ఆంపియర్లు, ఐ.ఇ. తరగతి. తరగతి వ్రాసియుండనిది పాతదనియే తలపవచ్చును. ఒక చిన్న పుస్తకమున ప్రతి మోటారునకు ఒక పుట కేటాయించి, కొన్న సంవత్సరము, ఎన్నిసార్లు చుట్టించినది, ప్రతిసారి ఎంత ఖర్చు, రోజుకు ఎన్ని గంటలు తిరిగినది, నడుచునపుడు క్లాంపు మీటరు చూపిన ఆంపియర్లు వ్రాయవలెను. పలక మీది అంకెకన్న ఆంపియర్లు చాల తక్కువైన, మోటారు పనికి పెద్దదని అనుమానింపవలెను. ఎక్కువైన, బేరింగునో వోల్టేజినో చూడవలెను. కాలిననాడు ఈ పుట తెరచిన, వైండింగు షాపునకు పోవలయునో అంగడికి పోవలయునో పావుగంటలో తేలును. ఒక సీజను నిండిన పిమ్మట ఆ పుస్తకమును, కరెంటు బిల్లులను కలిపి తెచ్చినవారికి, సాయంవేళలందు కూర్చుండి లెక్క వేసి చూచుకొనుటకు గ్రంథాలయపు బల్లయు దీపమును సిద్ధముగా నుండును.